డెలివరీ అయిన తొమ్మిదో రోజు గుండె పంపింగ్ 15 శాతం, అక్క ఎక్మో మీద ఉంది. తెలిసినవాళ్ళు చెప్పండి

బోడుప్పల్_తమ్ముడు
సోమవారం, రాత్రి 11:52

అందరికీ నమస్కారం. కుదురుగా రాసే స్థితిలో లేను, ఐసీయూ బయట మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. మా అక్కకు 31 ఏళ్ళు, కవల పిల్లలు. ఆఖరి నెలలో బీపీ బాగా పెరిగిందని సిజేరియన్ చేశారు. నాలుగో రోజు ఇంటికి తెచ్చాం. అప్పటి నుంచే పొడి దగ్గు. పడుకుంటే ఊపిరాడట్లేదని గోడకు మూడు దిళ్ళు ఆనించుకుని కూర్చునే నిద్రపోయేది. పాదాలు ఉబ్బి చెప్పులు పట్టలేదు. నర్సింగ్ హోంకి ఫోన్ చేస్తే "కవలలు కదా, నీరు దిగడానికి టైం పడుతుంది, బాలింతకు ఆయాసం మామూలే" అన్నారు. అమ్మ కూడా పచ్చి ఒళ్ళు, గాలి తగిలిందని చెవులకు గుడ్డ కట్టి సాంబ్రాణి పొగ వేసింది.

తొమ్మిదో రోజు తెల్లవారుజామున నురగ నురగగా కఫం, లేత గులాబీ రంగులో. వేలి మీటరు 78 చూపించింది. 108లో పెద్దాసుపత్రికి తెచ్చాం. ఎకో తీసి పంపింగ్ 15 శాతమే ఉందన్నారు. పెరిపార్టమ్ కార్డియోమయోపతీ అట, కాన్పు సమయంలో గుండె కండరం బలహీనపడే జబ్బు. వెంటిలేటర్ పెట్టారు, బీపీ మందులు ఎంత పెంచినా నిలవలేదు, సాయంత్రానికి గుండె, ఊపిరితిత్తుల పని చేసే ఎక్మో మెషీన్ పెట్టారు. వారం చూస్తాం, గుండె తేరుకోకపోతే ఎల్‌వ్యాడ్ అనే మెషీనో, గుండె మార్పిడో ఆలోచించాలి అంటున్నారు. ఆ ఎల్‌వ్యాడ్ అంటే ఏమిటి? బావ సంతకాలు పెడుతూనే ఉన్నాడు, ఏం పెడుతున్నాడో ఆయనకే తెలియదు. ఇలాంటి గుండె మళ్ళీ కొట్టుకుంటుందా? ఎవరికైనా జరిగిందా?

రాత్రి_డ్యూటీ_సిస్టర్
మంగళవారం, రాత్రి 12:31

తమ్ముడూ, ముందు నువ్వూ బావా ఏదైనా తినండి. ఇది ఒక రాత్రితో తేలేది కాదు.

పదకొండేళ్ళుగా గుండె ఐసీయూలో చేస్తున్నాను. ఇంట్లో ఆరుగురు ఆరు సార్లు డాక్టర్ని అడిగితే ఆరు రకాలుగా వినబడుతుంది. ఒక్కరే మాట్లాడండి, ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. రోజూ అడగాల్సినవి చెబుతున్నా: ఎకోలో గుండె కవాటం తెరుచుకుంటోందా, మూత్రం ఎంత వచ్చింది, లాక్టేట్ (ఒంటికి రక్తం చాలకపోతే పెరిగేది) తగ్గుతోందా, గొట్టం పెట్టిన కాలు వెచ్చగా ఉందా. పంపింగ్ శాతం ఒక్కటే పట్టుకుని కూర్చోవద్దు, మెషీన్ మీద ఉన్నప్పుడు ఆ అంకె మోసం చేస్తుంది.

లోపలికి వెళ్ళినప్పుడు మాట్లాడు. మత్తులో ఉన్నా సరే. పిల్లల పేర్లు ఏం అనుకుంటున్నారో చెప్పు.

చిక్కడపల్లి_శారద
మంగళవారం, ఉదయం 6:10

రాత్రి చూసి నిద్ర పట్టలేదు. నాకు 2016లో ఇదే వచ్చింది. బాబు పుట్టిన మూడు వారాలకు. పంపింగ్ 18. ఎక్మో దాకా పోలేదు, తొడలోంచి బెలూన్ పంపు పెట్టి అయిదు రోజులు ఉంచారు. ఆ అయిదు రోజులూ కాలు మడవకూడదు. నడుము కింద చెమట, దురద. ఇన్నేళ్ళకు గుర్తున్నది ఆ దురదే.

మూడు నెలలకు 30, ఆరు నెలలకు 42, ఏడాదికి 55. ఇప్పుడు బాబు మూడో తరగతి. స్కూల్ బ్యాగు నేనే మోస్తా, వాడు మోయడు కాబట్టి.

అందరికీ ఇలాగే అవుతుందని చెప్పను. నా పక్క బెడ్ అమ్మాయికి అవలేదు. కానీ "ఇలాంటి గుండె మళ్ళీ కొట్టుకుంటుందా" అన్నావు చూడు, దానికి మాత్రం నేనున్నాను.

మూలికల_మూర్తి
మంగళవారం, ఉదయం 7:45

మెషీన్లన్నీ డబ్బు గుంజడానికే. తెల్లమద్ది బెరడు కషాయం పాలల్లో కాచి ఇవ్వండి. గుండెకు అమృతం. మా వదినకు దమ్ము వస్తే దీనితోనే పోయింది.

రాత్రి_డ్యూటీ_సిస్టర్
మంగళవారం, ఉదయం 7:58

మూర్తి గారూ, ఆవిడ వెంటిలేటర్ మీద ఉంది, రక్తం పలచబడే మందు నడుస్తోంది. ముక్కు గొట్టంలో కషాయం పోయమంటారా? మీ వదినగారు బాగున్నందుకు సంతోషం.

నిర్వాహకులు
మంగళవారం, ఉదయం 8:20

మూర్తి గారూ, ప్రాణం మీద ఉన్న రోగుల దారాల్లో చిట్కాలు వద్దు. మిగతావారికి: ఆసుపత్రుల పేర్లు, డాక్టర్ల పేర్లు పెట్టి ఆరోపణలు రాయకండి, తీసేయాల్సి వస్తుంది.

పంపు_గది
మంగళవారం, మధ్యాహ్నం 2:15

నేను పెర్‌ఫ్యూజనిస్టుని. బైపాస్ ఆపరేషన్లో గుండె ఆపినంతసేపూ మెషీన్ నడిపేది మేమే. ఎక్మో కూడా మా చేతిలోదే. కొంచెం పొడుగ్గా రాస్తాను.

మంచం పక్కన రెండు లావు గొట్టాలు చూసే ఉంటారు. ఒకదాంట్లో రక్తం నేరేడుపండు రంగు, రెండోదాంట్లో దానిమ్మ రంగు. తొడ దగ్గరి సిరలోంచి చెడు రక్తాన్ని లాగి, గిర్రున తిరిగే పంపులోంచి, ఆక్సిజనేటర్‌లోంచి పంపి, శుభ్రమయ్యాక తొడ ధమనిలోకి ఎక్కిస్తాం. నిమిషానికి మూడు, నాలుగు లీటర్లు. గుండె పనీ, ఊపిరితిత్తుల పనీ అదే చేస్తుంది. కిడ్నీలు, లివర్, మెదడు ఈలోగా బతికి ఉంటాయి. ఎక్మో గుండెను బాగుచేయదు. గుండె తనంతట తాను తేరుకునే దాకా ఒళ్ళు పాడవకుండా ఆపుతుంది, అంతే.

ఇందులో ఒక మెలిక ఉంది. మేం తొడ వైపు నుంచి పైకి తోస్తున్న రక్తానికి ఎదురుగా గుండె తన రక్తాన్ని తోయాలి. అసలే నీరసపడ్డ గుండె. తోయలేకపోతే ఎడమ గది నిండిపోయి ఉబ్బుతుంది, ఊపిరితిత్తుల్లోకి నీరు వెనక్కి తంతుంది, కదలని రక్తం గడ్డకడుతుంది. సిస్టర్ కవాటం తెరుచుకుంటోందా అని అడగమన్నది అందుకే. తెరుచుకోకపోతే ఇంపెల్లా జోడించవచ్చు. పెన్సిల్ కన్నా సన్నని పంపు అది, ధమనిలోంచి ఎక్కించి కవాటం దాటించి దాని ముక్కు ఎడమ గదిలో పెడతారు. లోపల చిన్న మర నిమిషానికి 40 వేలసార్లకు పైగా తిరుగుతూ గదిలోని రక్తాన్ని బృహద్ధమనిలోకి తోడి పోస్తుంది. కొన్నిచోట్ల బెలూన్ పంపుతోనే నెట్టుకొస్తారు.

ఆక్సిజన్ మీటరు కుడిచేతి వేలికే పెట్టారా చూడండి. గుండె కొంచెం తేరుకోగానే అది తోసే రక్తం మొదట కుడిచేతికి, మెదడుకు వెళ్తుంది. ఊపిరితిత్తుల్లో ఇంకా నీరుంటే ఆ రక్తంలో ఆక్సిజన్ ఉండదు. ఎడమచేతికో, కాలికో పెడితే అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. మా డ్యూటీలో ఎవరైనా క్లిప్పు ఎడమ వేలికి మార్చితే నాకు కోపం వస్తుంది. ఇంట్లోవాళ్ళు అడగడంలో తప్పేం లేదు.

బోడుప్పల్_తమ్ముడు
మంగళవారం, రాత్రి 9:40

కుడిచేతికే ఉంది అన్నా. వెళ్ళి మొదట అదే చూశాను. కాలు వెచ్చగానే ఉంది, ఆ కాలికి వేరే చిన్న గొట్టం కూడా పెట్టారు. కవాటం "అప్పుడప్పుడు" తెరుచుకుంటోందట.

ఇంకో గొడవ. పాలు రాకుండా మాత్ర వేస్తున్నాం అన్నారు. బ్రోమోక్రిప్టీన్. బావ వాళ్ళమ్మ ఒప్పుకోవట్లేదు. పిల్లలిద్దరూ పుట్టిందే తక్కువ బరువు, తల్లి పాలు కూడా ఎండబెడతారా అని. మా అమ్మ ఏం మాట్లాడట్లేదు, పొగ వేసింది తనే అని కుమిలిపోతోంది.

కాన్పుల_గది
మంగళవారం, రాత్రి 11:05

గైనకాలజిస్టుని. ఇక్కడ ఎక్కువగా చదువుతాను, తక్కువ రాస్తాను.

మీ అమ్మగారికి చెప్పండి: పొగ వల్ల రాలేదు. నైజీరియా ఉత్తర ప్రాంతంలో ఈ జబ్బు చాలా ఎక్కువ. అక్కడా బాలింతకు నలభై రోజులు వేడి నీళ్ళ స్నానాలు, ఉప్పు దట్టించిన గంజి ఆచారం. దానివల్లే అని చాలాకాలం అనుకున్నారు కానీ తేలలేదు. కవలలు, ఆఖర్లో బీపీ, ముప్పై దాటిన వయసు: మీ అక్కకు ఉన్న ఈ మూడూ రిస్కు పెంచేవే. కొందరికి జన్యువుల్లో కూడా ఉంటుంది.

పాల మాత్ర సంగతి. పాలు రప్పించే ప్రొలాక్టిన్ హార్మోన్ ఈ జబ్బులో తెగి ఒక చిన్న ముక్క అవుతుంది, ఆ ముక్క గుండెలోని సన్నటి రక్తనాళాలను దెబ్బతీస్తుంది. జర్మనీలో హనోవర్ బృందం ఎలుకల మీద 2007లో ఇది చూపించింది. అందుకే ప్రొలాక్టిన్‌ను ఆపే ఈ మాత్ర. తర్వాత అక్కడే వారం కోర్సు, ఎనిమిది వారాల కోర్సు పోల్చి చూశారు. రెండింటిలోనూ చాలామంది తేరుకున్నారు. మాత్ర లేకుండా పోల్చిన పెద్ద ఆధారం ఇంకా బలంగా లేదు కాబట్టి అందరు డాక్టర్లూ వాడరు. వాడితే రక్తం గడ్డకట్టకుండా మందు కూడా తప్పనిసరి, మీ అక్కకు అది ఎలాగూ నడుస్తోంది. ఇంత తీవ్రంగా ఉన్నప్పుడు నేనైతే వేయమంటాను. పిల్లలకు డబ్బా పాలు సరిపోతాయి, తల్లిపాలే కావాలంటే నీలోఫర్‌లో పాల బ్యాంకు ఉంది, అడిగి చూడండి.

నర్సింగ్ హోం మాట. మావాళ్ళను వెనకేసుకు రావట్లేదు. ఆఖరి నెలలో చాలామందికి ఆయాసం, కాళ్ళ నీరు ఉంటాయి, అందులోనే ఇది దాక్కుంటుంది. కానీ పడుకోలేకపోవడం, నిద్రలోంచి ఊపిరాడక లేచి కూర్చోవడం, రాత్రిపూట దగ్గు, కూర్చున్నా గుండె 110, 120 కొట్టుకోవడం, వీటిని ఫోన్‌లో "మామూలే" అనకూడదు. ఈసీజీ, ఎన్‌టీ ప్రోబీఎన్‌పీ అనే రక్తపరీక్ష, ఒక టూడీ ఎకో. పావుగంట పని. మన దగ్గర ఇంకొకటి కూడా ఉంది, చిన్నప్పటి కీళ్ళ జ్వరంతో కవాటం బిగుసుకుపోయినవాళ్ళు సరిగ్గా కాన్పు దగ్గరే బయటపడతారు. అదీ ఎకోలోనే తెలుస్తుంది. ఒకసారి నేనూ ఇలాగే ఫోన్‌లో మామూలే అన్నాను. ఆ అమ్మాయి బతికింది, నా అదృష్టం. అప్పటి నుంచి "ఎన్ని దిళ్ళు పెట్టుకుంటున్నావమ్మా" అని అడగకుండా ఫోన్ పెట్టను.

చిక్కడపల్లి_శారద
బుధవారం, ఉదయం 5:50

నాకూ ఆ మాత్ర ఇచ్చారు. పాలు ఆగేదాకా రెండు రోజులు రొమ్ములు రాళ్ళలా గట్టిపడ్డాయి, గౌను తడిసేది. పక్క వార్డులో ఎవరి బిడ్డో ఏడిస్తే ఇంకా ఎక్కువ తడిసేది. మా అత్తగారు క్యాబేజీ ఆకులు ఫ్రిజ్‌లో పెట్టి తెచ్చారు. ఏడుస్తూనే నవ్వాను.

తమ్ముడూ, అత్తగారితో వాదించకు. డాక్టర్ దగ్గరికి ఆవిడనే తీసుకెళ్ళు, ఆవిడనే అడగనివ్వు.

రెండు_బ్యాటరీలు
బుధవారం, రాత్రి 10:22

ఎల్‌వ్యాడ్ అంటే ఏమిటని అడిగారు. మా ఇంట్లో ఒకటుంది.

మా ఆవిడకూ కాన్పు తర్వాతే. మందులతో అయిదు నెలలు చూశారు, పంపింగ్ 20 దాటలేదు, నాలుగడుగులు వేస్తే రొప్పేది. హార్ట్‌మేట్ 3 అనే ఎల్‌వ్యాడ్ పెట్టారు, గుండెకు సాయంగా రక్తం తోసే పంపు అది. గుండె ఎడమ గది అడుగున కుట్టేస్తారు. లోపల తిరిగే చక్రం దేనికీ తగలకుండా అయస్కాంతం మీద తేలుతుంది. పొట్ట పక్కనుంచి ఒక తీగ బయటికి వస్తుంది. ఆ తీగకు కంట్రోలర్, దానికి రెండు బ్యాటరీలు. కొత్త బ్యాటరీల జత పదహారు, పదిహేడు గంటలు వస్తుంది. రాత్రి గోడ ప్లగ్గుకు. కరెంటు పోయినా ఇన్వర్టర్ ఉంది, అయినా వర్షం మొదలవగానే నేను లేచి కూర్చుంటా.

నాడి దొరకదు. రక్తం ఒకే ధారగా పోతుంది కాబట్టి కొట్టుకోవడం తెలియదు. మందుల షాపులో బీపీ మెషీన్ ఎర్రర్ చూపిస్తే ఆ కుర్రాడు భయపడిపోయాడు. అమీర్‌పేట మెట్రోలో సెక్యూరిటీ అమ్మాయి తీగ చూసి పక్కకు పిలిచింది, కార్డు చూపిస్తే చదివి "గుండె బయట ఉందా అక్కా" అంది. మా ఆవిడకు ఆ మాట నచ్చింది, అందరికీ చెబుతుంది.

కష్టం ఎక్కడంటే ఆ తీగ బయటికి వచ్చిన చోట. డ్రెస్సింగ్ చేసేటప్పుడు ఫ్యాన్ ఆపి, తలుపు వేసి, ఇద్దరం మాస్కు కట్టుకుంటాం. ఎండాకాలం చెమట కారి నా కళ్ళలో పడుతుంది, తుడుచుకోకూడదు, గ్లవ్స్ ఉన్నాయి. ఒకసారి తీగ తలుపు గడియకు తట్టుకుని లాగింది, చీము పట్టి పద్దెనిమిది రోజులు ఆసుపత్రి. రక్తం పలచబడే మాత్ర ఎప్పుడూ ఉండాలి, రక్తం ఎంత పలచబడిందో చెప్పే ఐఎన్‌ఆర్ పరీక్ష చేయించుకుంటూ ఉండాలి. తోటకూర, పాలకూర ఒక వారం దండిగా, ఒక వారం అసలు లేకుండా తింటే ఆ లెక్క తప్పుతుంది. ఎంఆర్‌ఐ కుదరదు, ఈత కుదరదు.

డబ్బు కోటి దాటింది. ఊళ్ళో పొలం పోయింది. ఇది దాచడం ఎందుకు.

కానీ ఆమె పొద్దున్నే పాపకు జడ వేస్తుంది. నిలబడి.

నల్లకుంట_నాగయ్య
గురువారం, ఉదయం 9:15

డబ్బు విషయంలో తెలిసింది చెబుతా, బీమా ఆఫీసులో చేసి రిటైరయ్యాను. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు. ఎక్మోకు అది ఏ మూలకూ రాదు గానీ, వదులుకోవద్దు. ముఖ్యమంత్రి సహాయ నిధికి ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా పెట్టుకోండి. మీ బావగారి కంపెనీ బీమా ఉంటే ఆ ఫారంలో ఏం రాస్తున్నారో చూడండి. "డెలివరీ తర్వాతి సమస్య" అని రాసేస్తే మెటర్నిటీ పరిమితిలో పడేస్తారు, అది యాభై వేలో లక్షో ఉంటుంది. జబ్బు పేరు, గుండె వైఫల్యం అని స్పష్టంగా డాక్టర్ చేత రాయించండి. ఈ ఒక్క లైను దగ్గరే చాలామంది మునిగిపోవడం చూశాను.

మార్పిడి అనుకుంటే జీవన్‌దాన్‌లో, అంటే ప్రభుత్వ అవయవదాన పథకంలో, ఆసుపత్రే పేరు నమోదు చేస్తుంది.

పంపు_గది
గురువారం, మధ్యాహ్నం 1:40

జీవన్‌దాన్ మాట వచ్చింది కాబట్టి. దాత ఒంట్లోంచి గుండె తీశాక నాలుగు గంటల్లోపు రోగి లోపల కొట్టుకోవాలి. మన సిటీ ట్రాఫిక్‌లో ఆ నాలుగు గంటలు ఎలా కరుగుతాయో తెలుసుగా. 2025 జనవరి 17 రాత్రి ఎల్బీనగర్ నుంచి లక్డీకాపూల్‌కు మెట్రోలో గుండె తెచ్చారు, 13 కిలోమీటర్లు, 13 నిమిషాలు. 2021లో కూడా నాగోలు నుంచి జూబ్లీహిల్స్‌కు తెచ్చారు.

బాలింతల విషయంలో ఒక చిక్కు అదనం. కడుపులో బిడ్డ మోసిన ఒంట్లో ఇతరుల కణాలకు వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారై ఉండవచ్చు, రక్తం ఎక్కించిన కొద్దీ పెరగవచ్చు. గ్రూపు కలిసినా గుండె సరిపడకపోవచ్చు. అందుకే ఈ జబ్బులో తొందరపడి మార్పిడి వైపు పోరు. అమెరికాలో 100 మందిని ఏడాది పాటు గమనించి 2015లో ప్రచురించారు, 72 శాతం మందికి పంపింగ్ 50కి చేరింది. పంపింగ్ 30 లోపు ఉండగా మొదలైనవాళ్ళకు, గుండె బాగా సాగిపోయినవాళ్ళకు అవకాశం తక్కువ, అదీ చెప్పాలి. మీ అక్క గుండె ఎంత సాగిందో అడిగారా?

బోడుప్పల్_తమ్ముడు
గురువారం, రాత్రి 11:30

అడిగాను. ఎడమ గది వెడల్పు 56 మిల్లీమీటర్లు అన్నారు. "ఇంకా అరవై దాటలేదు, ఆశ ఉంది" అన్నాడు డాక్టర్. ఆ "ఇంకా" అనే మాట రాత్రంతా చెవిలో తిరుగుతోంది.

అత్తమ్మ ఒప్పుకుంది. డాక్టర్ని ఇరవై నిమిషాలు నిలబెట్టి అడిగింది. చివర్లో ఆయనే కుర్చీ వేశాడు.

బోడుప్పల్_తమ్ముడు
ఆదివారం, సాయంత్రం 6:05

ఈరోజు పంపు తగ్గించి చూశారు. మూడున్నర లీటర్ల నుంచి అర లీటరు చొప్పున దించుతూ, ప్రతిసారీ ఎకో. రెండు దగ్గర బాగానే ఉంది. ఒకటిన్నర దగ్గర బీపీ పడిపోయింది, మళ్ళీ పెంచేశారు. బావ గ్లాసు తలుపు దగ్గర నుంచి కదల్లేదు. రెండ్రోజులాగి మళ్ళీ చూస్తారట. ఈలోపు ఎల్‌వ్యాడ్ టీమ్ వచ్చి మాట్లాడింది. రెండు_బ్యాటరీలు అన్నా, మీ పోస్టు వాళ్ళకు చూపించాను. చీము సంగతి వాళ్ళు చెప్పలేదు, అడిగితే చెప్పారు.

రాత్రి_డ్యూటీ_సిస్టర్
ఆదివారం, సాయంత్రం 6:40

మొదటిసారి దిగకపోవడం మాకు కొత్త కాదు. రెండు దాకా నిలిచింది చూడు, నేను అది రాసుకుంటాను.

బోడుప్పల్_తమ్ముడు
బుధవారం, మధ్యాహ్నం 3:12

ఎక్మో తీసేశారు. పంపింగ్ 25. కవాటం ప్రతిసారీ తెరుచుకుంటోంది. వెంటిలేటర్ ఇంకా ఉంది. కాలికి కుట్లు. ఇంకేం రాయాలో తెలియట్లేదు.

పంపు_గది
బుధవారం, మధ్యాహ్నం 3:20

ఏమీ రాయొద్దు. వెళ్ళి పడుకో.

బోడుప్పల్_తమ్ముడు
నాలుగు నెలల తర్వాత, శనివారం

అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నా. అక్క ఇంట్లోనే ఉంది. పంపింగ్ 41. మాత్రలు పూటకు గుప్పెడు. గొట్టం పెట్టిన కాలి పాదంలో తిమ్మిరి పోలేదు, చెప్పు జారిపోయినా తెలియదు. గొంతు ఇప్పటికీ బొంగురే. మొదటి నెల పిల్లల్ని ఎత్తుకోమంటే భయపడేది, తన పిల్లలు అనిపించట్లేదు అంది. నిద్ర కూడా లేదు. దానికీ డాక్టర్ని కలిశాం. ఇది ఎవరూ ముందే చెప్పలేదు.

మళ్ళీ పిల్లల్ని కనొద్దని చెప్పారు, హార్మోన్ మాత్రలు కూడా వద్దని కాపర్‌టీ వేశారు. అత్తమ్మ ఈసారి ఏం అడగలేదు.

చిక్కడపల్లి_శారద
శనివారం

నాకు 55 వచ్చాక కూడా రెండోది వద్దనే అన్నారు. పూర్తిగా తేరుకున్నా అయిదుగురిలో ఒకరికి మళ్ళీ రావచ్చట. అక్కకు నా నంబరు మెసేజ్‌లో పంపాను. ఆ "నా పిల్లలు అనిపించట్లేదు" గురించి నాతో మాట్లాడమను. ఎవరితోనూ అనలేదు నేను అప్పట్లో.

కుషాయిగూడ_కొత్త
ఏడు నెలల తర్వాత, మంగళవారం, రాత్రి 1:14

పాత దారం లేపుతున్నందుకు సారీ. గూగుల్‌లో వెతికితే ఇది వచ్చింది. మా ఆవిడకు డెలివరీ అయి పన్నెండు రోజులు. నిన్నటి నుంచి పడుకోలేకపోతోంది, దగ్గు. ఇప్పుడు కుర్చీలో కూర్చుని ఉంది. పొద్దున ఏ డాక్టర్‌కి చూపించాలి?

రాత్రి_డ్యూటీ_సిస్టర్
మంగళవారం, రాత్రి 1:17

పొద్దున కాదు. ఇప్పుడే. టూడీ ఎకో, ఐసీయూ ఉన్న ఆసుపత్రి క్యాజువాలిటీకి. వెళ్ళగానే మొదటి మాట "పన్నెండు రోజుల బాలింత, పడుకోలేకపోతోంది" అని చెప్పండి. బండి లేకపోతే 108. కూర్చోబెట్టే తీసుకెళ్ళండి, పడుకోబెట్టొద్దు. ఇది తర్వాత చదవచ్చు.

కుషాయిగూడ_కొత్త
మంగళవారం, రాత్రి 1:19

బయల్దేరుతున్నాం

బోడుప్పల్_తమ్ముడు
మంగళవారం, రాత్రి 1:26

అన్నా, ఏ ఆసుపత్రికి వెళ్తున్నారో నాకు మెసేజ్ పెట్టండి. నేను బోడుప్పల్‌లోనే, బండి తీస్తున్నా.

కుషాయిగూడ_కొత్త
మంగళవారం, రాత్రి 2:48

ఎకో తీస్తున్నారు. తమ్ముడు పక్కనే ఉన్నాడు.